పన్నెండు మార్కులు, ఒక మేక బొమ్మ

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. నాన్నగారు టైలరు. నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన నెల కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఇంటర్నల్‌లో మా ల్యాబ్ సార్ నాకు 20కి 8 వేశారు. నా రీడింగులూ నా జోడీ రీడింగులూ ఒకటేనని, నేను చూసి రాసుకున్నానని అన్నారు. ద్రవాన్ని చుక్కలుగా వదిలి కొలిచే గాజు గొట్టాలు, బ్యూరెట్లు, తక్కువ కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చారు. ఆ మాట చెప్పబోతే బయటికి పొమ్మన్నారు. నా జోడీకి మాత్రం 16 వచ్చాయి.

ఆ రాత్రి కోపంలో సార్ ఫొటోకు మేక మూతి అతికించి, నోట్లో నా రికార్డు కాగితం పెట్టి, ‘మా సార్‌కి ఆకలెక్కువ. ఇరవైలో పన్నెండు తినేశారు’ అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. పొద్దున్న ఆరింటికి తీసేశాను. అప్పటికే ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, కింద ఒడియాలో ‘సార్ ఖాఆంతి’ అని చేర్చి క్లాసు గ్రూపులో పెట్టారు. నాలుగో రోజున షోకాజ్ నోటీసు వచ్చింది. సార్ మీద లంచం ఆరోపణ చేశానట, కాలేజీ పరువు తీశానట. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది తేలేవరకు ల్యాబ్‌లోకి రాకూడదు. క్రమశిక్షణ కమిటీలో ఐదుగురున్నారు, ఆ సార్ వాళ్లలో ఒకరు.

ఆఫీసు గుమాస్తాగారు క్షమాపణ పత్రం తానే టైపు చేసి ఉంచారు. ‘మార్కుల గురించి నేను చెప్పినదంతా అబద్ధం’ అని అందులో ఉంది. నాన్నగారు సంతకం పెట్టెయ్యమంటున్నారు, సార్ ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకుందామంటున్నారు. పార్వతీపురంలో ఉన్న మామయ్య మాత్రం, జరిగిందంతా వీడియో చేసి పెట్టు, కాలేజీయే దిగివస్తుంది అంటున్నాడు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: గడువు ముంచుకొస్తోందని ముఖ్యమైన మాటలు ఆ రోజే నీకు ఫోనులో చెప్పాను. మిగిలిన పిల్లలకూ అక్కరకు వస్తాయని, నీ అనుమతితోనే, పేరు తీసేసి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒడియా మీడియంలో చదువుకుని, నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో నాలుగు పేజీల ఉత్తరం రాశావు. ఒత్తులు కొన్ని ఎగిరిపోయాయి. ఫరవాలేదు, విషయం మాత్రం ఎక్కడా జారిపోలేదు.

ముందు మేక సంగతి. నేను బరంపురంలో 31 సంవత్సరాలు కెమిస్ట్రీ చెప్పాను. నా వెనక పిల్లలు నన్ను ‘పిప్పెట్టమ్మ’ అనేవాళ్లు. ల్యాబ్‌లోని పిప్పెట్ గొట్టంలాగే సన్నగా, పొడుగ్గా ఉండేదాన్ని, మధ్యలో కొంచెం పొట్ట. పోలిక బాగానే కుదిరిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ ఒకరోజు ల్యాబ్ బోర్డు మీద ఆ బొమ్మ గీసి, కింద నా సంతకాన్ని అచ్చం నాలాగే పెట్టారు. డస్టర్‌తో తుడిచేసి పాఠం చెప్పాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ బొమ్మను చూసింది ముప్పై మంది. నీ మేకను ఎంతమంది చూశారో నీకే తెలియదు. సార్‌కు ఇంట్లో కాలేజీకి వెళ్లే కూతురు ఉందని నువ్వే రాశావు. ఆ స్క్రీన్‌షాట్ ఆ అమ్మాయి ఫోనులోకి కూడా వచ్చి ఉంటుంది. మార్కుల్లో అన్యాయం జరిగినా, జరగకపోయినా, ఆ బొమ్మ తప్పే. దీని మీద నాతో వాదించకు.

ఇక ‘తినేశారు’ సంగతి. అమాయకత్వం నటించవద్దని ఫోనులోనే చెప్పాను. తెలుగులో మార్కులు తింటారు, సెలవులు తింటారు, బుర్ర కూడా తింటారు, నిజమే. కానీ ‘ఆకలెక్కువ’ అని మొదలుపెట్టినవాడికి తన మాట ఎటు పోతుందో కొంచెమైనా తెలిసే ఉంటుంది. వెటకారం చేశావు. అయితే వెటకారం వేరు, లంచగొండి అనడం వేరు. నువ్వు రాసింది ఒకసారి జరిగిన పని: ఇరవైలో పన్నెండు, తినేశారు. కింద చేర్చిన ఒడియా మాట అలవాటును చెబుతుంది: సార్ తింటారు. ఏం తింటారో చెప్పలేదు, ఎప్పుడూ తింటారన్నట్టుంది. ఒడియాలోనూ లంచాన్ని తినడమే కదా, ‘లాంచ’ అన్న మాట కూడా మన మాటకు తోబుట్టువే. పన్నెండు అన్న అంకె మాయమైంది, మార్కులు మాయమయ్యాయి, మిగిలింది మనిషి నోరు ఒక్కటే. నోటీసు రాసినవాళ్లు నీ వాక్యాన్ని చదవలేదు, దాని కింద ఉన్న వాక్యాన్ని చదివారు. మన సరిహద్దు ఊళ్లలో సగం తగవులు ఇలాగే ముదురుతాయి. ఒక భాషలో చిటికెడు ఉన్న కారం రెండో భాషలోకి వెళ్లేసరికి గుప్పెడవుతుంది.

కాబట్టి సంజాయిషీలో నీ అసలు వాక్యాన్ని తెలుగు లిపిలో, ఉన్నది ఉన్నట్టు రాయి. కింద దాని అర్థం ఒడియాలో రాయి. కమిటీలో రెండు భాషలూ చదవగలిగినవారు ఎవరైనా ఉన్నారా అని అడుగు, లేకపోతే అలాంటి ఒకరి చేత చదివించమని కోరు. నోటీసుకు ఆధారమైన స్క్రీన్‌షాట్ ప్రతి ఒకటి, కాలేజీ ఏ నియమం కింద నోటీసు ఇచ్చిందో ఆ నియమం ప్రతి ఒకటి ఇమ్మని కూడా అడుగు. ఇవి అడగడం ఎదురు తిరగడం కాదు.

స్క్రీన్‌షాట్ మొత్తం చూడాలని ఎందుకంటున్నానంటే, ఒక పాపం నా ఖాతాలో ఉంది. పదేళ్ల కిందట నేనూ ఇలాంటి కమిటీలో కూర్చున్నాను. ఒక కుర్రవాడు వాట్సాప్‌లో ‘వాడిని చితకబాదాలి’ అని రాసిన కాగితం మా ముందు పెట్టారు. వాడు అంటే ఫలానా లెక్చరరు అని ఫిర్యాదు. ఆ అబ్బాయి బిగుసుకుపోయి నోరు విప్పలేదు. పదిహేను రోజులు సస్పెండ్ చేశాం. ఆ రోజుల్లోనే ప్రాక్టికల్ పరీక్ష వచ్చి పోయింది, ఏడాది పోయింది. తరువాత ఎవరో పూర్తి సంభాషణ చూపించారు. ముందు రోజు క్రికెట్ మ్యాచ్‌లో అంపైరు ఇచ్చిన అవుట్ గురించి మాట్లాడుకుంటున్నారు వాళ్లు. పై నాలుగు వాక్యాలు కత్తిరించి ఒక్క వాక్యాన్ని మాకు తెచ్చి ఇచ్చారు. ఆ తీర్మానం మీద నా సంతకం ఉంది. పైన ఏముందని నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

ఇప్పుడు మార్కులకు వద్దాం. రికార్డు పేజీ ఫొటో పంపావు కాబట్టి చూశాను. మొహర్ లవణం, పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే రంగు నిలిచేదాకా ఒక ద్రావణంలో మరొకదాన్ని చుక్కలుగా కలిపి కొలవడం. మూడు రీడింగులూ మీ ఇద్దరివీ దశాంశంతో సహా ఒకటే. పర్మాంగనేట్ ముదురు రంగుది, బ్యూరెట్‌లో ద్రవం పైభాగపు అడుగు వంపు కనబడదు, పై అంచు చూసి చదవాలి. పైగా లేత గులాబీ రంగు నిలిచిన చుక్క దగ్గర ఆపడం ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా ఉంటుంది. విడివిడిగా చేసిన ఇద్దరికి ఒక రీడింగు కలవవచ్చు, మూడూ కలిశాయంటే నేనైనా కళ్లద్దాలు సవరించుకుంటాను. విడిగా చేశారా, కలిసి చేశారా అని ఫోనులో అడిగాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు నువ్వు. తరువాత, కలిసే చేశాం, వాడు స్టాప్‌కాక్ తిప్పాడు, నేను ఫ్లాస్కు కలిపాను, ఇద్దరం రాసుకున్నాం అన్నావు.

ఆ మాట చెప్పినందుకు నీ మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే ఇప్పుడు నీ ఫిర్యాదు గట్టిదైంది. ‘నేను సొంతంగా చేశాను’ అని రాసి ఉంటే మొదటి ప్రశ్నకే కూలిపోయేది. నిజం ఇది: ఇద్దరికి ఒక బ్యూరెట్ ఇచ్చారు, ఇద్దరూ కలిసి చేశారు, ఇద్దరి రీడింగులూ ఒకటే, ఒకరికి 16, ఒకరికి 8. తప్పయితే ఇద్దరిదీ తప్పు, కాకపోతే ఇద్దరిదీ కాదు. సార్ చూపించాల్సింది ఈ తేడాకు కారణం. బహుశా నీ వైవా బాగా లేకపోయి ఉండవచ్చు, రికార్డు ఆలస్యంగా ఇచ్చి ఉండవచ్చు. ఆ కారణం ఉంటే చెప్పమను. నీ జోడీ మార్కులు తగ్గించమని మాత్రం ఎక్కడా రాయకు, ఆ అబ్బాయి నీకు శత్రువు కాదు.

రెండు కాగితాలు రాయమన్నాను, గుర్తుందా? ఒకటి నోటీసుకు సంజాయిషీ. రెండోది మార్కుల గురించి ఫిర్యాదు. రెండూ ఒకే రోజు ఇచ్చినా సరే, ఒకే కాగితం మీద వద్దు. కలిపి రాస్తే, ‘నా మార్కులు ఇస్తే క్షమాపణ చెబుతాను’ అన్న బేరంలా కనిపిస్తుంది. క్షమాపణకూ విలువ ఉండదు, ఫిర్యాదుకూ ఉండదు. గుమాస్తాగారు టైపు చేసిన పత్రంలో జరిగింది కూడా ఇదే, బేరం అటువైపు నుంచి వచ్చింది, అంతే. బొమ్మకు క్షమాపణ చెప్పించే పేరుతో మార్కుల ప్రశ్నను కూడా నీ చేతే చెరిపించడం. దాని మీద సంతకం పెట్టకు. ఆయనతో గొడవ కూడా పడకు. ‘నేను సొంతంగా రాసుకొస్తానండీ’ అను, చాలు. గుమాస్తాగారు చెడ్డవారని నేను అనుకోను. ఆయన బల్ల మీద ఇలాంటి ఫైళ్లు ఎన్నో వచ్చి ఉంటాయి, తొందరగా మూసేద్దామనుకుని ఉంటారు.

మొదటి కాగితం ఇంచుమించు ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీ రాత్రి సార్ ఫొటోను మార్చి స్టేటస్‌లో పెట్టింది నేనే. అది తప్పు. దానివల్ల సార్‌కూ వారి కుటుంబానికీ కలిగిన బాధకు క్షమాపణ కోరుతున్నాను. నేను రాసిన వాక్యం ఇది. మార్కులు తగ్గించారన్న అర్థంలో, వెటకారంగా రాశాను. అలా రాసి ఉండకూడదు. సార్ డబ్బు తీసుకుంటారని నేను అనలేదు, అలా అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కింద ఉన్న ఒడియా వాక్యం నాది కాదు.’ చివర రెండు విన్నపాలు. ఒకటి, బాధితులైన సార్ విచారణలో తన మాట చెప్పాలి కానీ తీర్పు చెప్పేవారిలో కూర్చోకూడదు, వారి స్థానంలో మరొకరిని వేయమని. రెండు, నిర్ణయం రాకముందే ల్యాబ్ నుంచి దూరంగా ఉంచడం వల్ల హాజరు, ప్రాక్టికల్సు పోతున్నాయి కాబట్టి మరో బ్యాచ్‌తోనైనా చేయనివ్వమని. అంతకు మించి ఒక్క వాక్యం రాయకు. మా ఇంట్లో కష్టాలు, నాన్నగారి కుట్టు మిషను, నాయనమ్మ ఆరోగ్యం, ఇవేవీ వద్దు. అవి చదివి కమిటీ కరుగుతుందనుకుంటారు పిల్లలు. కమిటీలో కూర్చున్న నేను చెబుతున్నాను, ఆ పేజీలు తిప్పేస్తాం.

ఆ ఒడియా వాక్యం చేర్చినవాడి పేరు నీకు తెలుసని నీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది. కమిటీ నేరుగా అడిగితే తెలిసినది చెప్పు. అడగకముందు గ్రూపులో బయటపెట్టకు. రేపు వాడి మీద ఇంకో మేక తయారవుతుంది.

రెండో కాగితానికి చిరునామా వేరు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థి ప్రతినిధిని ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చోబెట్టాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆ మెట్టు మీద మామూలుగా ‘నా పేపరు మళ్లీ దిద్దండి’ అన్న అర్జీని తీసుకోరు. నిర్దిష్టమైన అవకతవకో వివక్షో చూపించాలి. ఒకే రీడింగులకు రెండు రకాల మార్కులు అన్నది నీ చేతిలో ఉన్న నిర్దిష్టమైన విషయం. ఫిర్యాదులో దాన్నే ముందు పెట్టు. ‘కావాలంటే మీ ఎదుట ఒక్కడినే టైట్రేషన్ చేసి చూపిస్తాను’ అని కూడా రాయి. రాసే ముందు ఇంట్లో ఆ ప్రయోగం పది సార్లు చదువుకో. నిజంగా రమ్మంటే, పర్మాంగనేట్‌ను అడుగు వంపు దగ్గర చదివావంటే నా పరువు కూడా పోతుంది.

ఏ కాగితం ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్లు. ఒకదాని మీద అందినట్లు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపు, రసీదు దాచు. సెల్‌ఫోన్ యుగంలో ఈ చాదస్తమేమిటనుకుంటావేమో. నీ స్టేటస్ 24 గంటలు ఉండే వస్తువు, పైగా దాన్ని ఎవరికి రాశావో అందులో లేదు. కాగితం మీద ఎవరికి రాశావో ఉంటుంది కాబట్టి, ఆయన జవాబు చెప్పాల్సి వస్తుంది.

మామయ్యగారి వీడియో గురించి. ఆయనకు నీ మీద ఉన్నది ప్రేమే. కానీ వీడియో పెట్టిన మరుక్షణం నువ్వు కమిటీలోని ఐదుగురికి కాదు, వెయ్యి మందికి సంజాయిషీ ఇవ్వాలి. అందులో ఏడు వందల మంది గుణుపురం ఎక్కడుందో తెలియనివాళ్లు. వాళ్లకు నీ పన్నెండు మార్కులతో పనిలేదు. తెలుగు పిల్లవాడు, ఒడియా మాస్టారు అన్న కోణం ఎవరో ఒకరు తప్పక తగిలిస్తారు. మీ సార్ తెలుగు పిల్లలందరికీ తక్కువ వేస్తారని నువ్వు రాయలేదు. నీ జోడీ కూడా తెలుగువాడేనని రాశావు. లేని తగవును ఊరి మీదికి తేకు.

చట్టం సంగతి కూడా అడిగావు. నేను వకీలును కాను, తెలిసినంత చెబుతాను. స్టేటస్ పెడితే 66ఏ కింద జైలు అని నిన్ను ఎవరో బెదిరించారట. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ తరువాత కూడా దాని కింద కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. మీ కాలేజీ వరండాలో అది ఇంకా బతికే ఉన్నట్టుంది. అలాగని ఏమైనా అనవచ్చని కాదు. పరువునష్టం ఇప్పటికీ నేరమే, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. ‘నాకు మార్కులు అన్యాయంగా తగ్గించారు’ అని సంబంధిత అధికారికి సద్బుద్ధితో ఫిర్యాదు చేసుకోవడానికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ‘డబ్బు తింటారు’ అని ఊరంతా చాటడానికి లేదు. ఒకవేళ వ్యవహారం పోలీసు స్టేషన్ దాకా పోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా శిక్ష వేస్తే నిలవదన్నది కూడా తెలుసుకో. 2025 మేలో పుణెలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థినిని సోషల్ మీడియా పోస్టు విషయంలో కాలేజీ తొలగిస్తే, బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి పరీక్షలు రాయనివ్వమంది. వివరణ అడగకుండానే తొలగించారన్నది అక్కడ ముఖ్యమైన ఆక్షేపణ. ఆ పోస్టు సంగతి వేరు, పాఠం చెప్పినవారితో తగవు కాదు. నీ కాలేజీ నయం, కనీసం నోటీసు ఇచ్చింది. దాన్ని వాడుకో.

చివరగా మీ నాన్నగారికి. అయ్యా, మీ భయం నాకు తెలుసు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టెక్కిన పిల్లవాడు. కానీ రాత్రిపూట మాస్టారి ఇంటికి తీసుకెళ్లి కాళ్ల మీద పడవేయకండి. అది ఆయనకు కూడా ఇబ్బంది, వాకిట్లో వీధి అంతా చూస్తూ ఉంటుంది. రెండు కాగితాలూ ఆఫీసులో ఇచ్చిన తరువాత, పగటిపూట, స్టాఫ్ రూములో, డిపార్ట్‌మెంటు హెడ్ ఉన్నప్పుడు అబ్బాయిని వెళ్లమనండి. నమస్కారం పెట్టి, ‘ఆ బొమ్మ వేయడం తప్పు సార్, క్షమించండి’ అని ఒక్క వాక్యం చెప్పి రమ్మనండి. మార్కుల మాట అక్కడ ఎత్తవద్దు. జేబులో ఫోను రికార్డింగులో పెట్టుకుని వెళ్లవద్దు. మీరు తోడు వెళితే వెళ్లండి, గుమ్మం బయట నిలబడండి.

రెండు కాగితాలూ ఇచ్చానని, రెండింటికీ ముద్ర పడిందని మొన్న మెసేజీ పంపావు. సార్‌ను కమిటీ నుంచి తప్పించారని కూడా రాశావు. ఆయనే తప్పుకున్నారా, తప్పించారా అన్నది కనుక్కుని రాయి. ఆయనే తప్పుకుని ఉంటే ఆ మనిషి గురించి మనమిద్దరం కొంచెం వేరేగా ఆలోచించాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. పర్లాకిమిడిలో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. మా పిల్లలు నేను పాఠం చెబుతుండగా నోరు తెరిచిన క్షణాన్ని ఫొటో తీసి స్టిక్కరు చేసుకున్నారు. ఏ గ్రూపులో చూసినా నా ముఖమే. ప్రిన్సిపాల్‌గారు పట్టించుకోవద్దంటున్నారు. ఆ పని చేసిన ముగ్గురు ఎవరో నాకు తెలుసు. వాళ్ల పేర్లు, ఫొటోలు నా ఫేస్‌బుక్‌లో పెట్టి అందరికీ తెలియజేయాలనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తప్పేనమ్మా. మీ కోపం తప్పు కాదు. కానీ పై ఉత్తరంలోని కుర్రవాడికి వయసు సాకుగా ఉంది, మీకు లేదు. మీరు వాళ్ల ఫొటోలు పెట్టిన రోజున తగవు తారుమారై, షోకాజ్ మీ చేతికి వస్తుంది. గెస్ట్ లెక్చరర్‌కు మళ్లీ ఏడాది పిలుపు రాకపోవడానికి కారణం కూడా చెప్పరు.

ప్రిన్సిపాల్‌గారికి నోటితో చెప్పారా, రాసిచ్చారా? రాసివ్వండి. స్టిక్కరు, తేదీ, గ్రూపు పేరు జతచేయండి. ఆ ముగ్గురి ఇంటర్నల్ పేపర్లు ఈసారి మరొకరి చేత దిద్దించమని మీరే అడగండి. ఇది మీకు రక్ష. రేపు వాళ్లకు తక్కువ వస్తే స్టిక్కరు కక్ష అని ఎవరూ అనలేరు. క్లాసులో ఫోన్లు సంచిలో పెట్టించే హక్కు మీకుంది, దాన్ని రేపటి నుంచే మొదలుపెట్టండి, కానీ అందరికీ, ఆ ముగ్గురికే కాదు.

అది నోరు తెరిచిన ఫొటోగానే ఉన్నంతవరకు ఇంతే. ఎవరైనా దాన్ని అసభ్యంగా మారిస్తే మాత్రం ప్రిన్సిపాల్‌గారి అభిప్రాయం కోసం ఆగకండి. ఐటీ చట్టం 67వ సెక్షన్ దాకా పోయే నేరం అది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, దగ్గరి స్టేషన్‌లోనూ ఇవ్వండి.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకండి. మీరు ఏ భాషలో పాఠం చెబుతున్నారు? గ్రూపులో స్టిక్కరు కింద వాళ్లు రాసుకున్న రెండు వ్యాఖ్యలు పంపారు కదా, రెండింటిలోనూ ‘అర్థం కాలేదు’ అనే ఉంది. మీ క్లాసులో తెలుగు, ఒడియా పిల్లలతో పాటు సవర పిల్లలు కూడా ఉన్నారని రాశారు. మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెబుతూ, సవరలకు చదువు చెప్పడానికి ముందు తాను వాళ్ల భాష నేర్చుకున్నారు. మిమ్మల్ని అంత చేయమనను. వారానికి ఒక పావుగంట, అర్థం కానిది ఏ భాషలోనైనా చీటీ రాసి, పేరు లేకుండా, డబ్బాలో వేయమనండి. మొదటి వారం చీటీల్లో వెక్కిరింతలే వస్తాయి. రెండో వారానికి ఒకటో రెండో ప్రశ్నలు దొరుకుతాయి.

ప్రశ్న: జయపురం నుంచి ఒక తల్లిని. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో టీచరు గురించి ఎవరో రాశారని, హాస్టల్ వార్డెన్ ఆడపిల్లలందరి ఫోన్లూ తాళాలు తీయించి చూస్తున్నారు. ఇవ్వాలా?

జవాబు: హాస్టల్ నియమం ఉంటే ఫోను అప్పగించడం వేరు, దాని తాళం తీసి లోపలి ఉత్తరాలూ ఫొటోలూ చూపించడం వేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. హాస్టల్‌లో ఫోను వాడకం మీద ఆంక్షలు పెట్టి, ఒప్పుకోని విద్యార్థినిని వెళ్లగొడితే, 2019లో కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. అందుకని మీ అమ్మాయిని వార్డెన్‌తో వాదనకు దింపకండి, రాత్రి తొమ్మిదింటికి అక్కడ ఆమె ఒంటరిది. మీరే ప్రిన్సిపాల్‌కు రాయండి: మా అమ్మాయి ఖాతా గురించి అనుమానం ఉంటే నన్ను పిలవండి, నా ఎదుట, ఏ పోస్టు గురించో చెప్పి అడగండి. జయపురం నుంచి హాస్టల్‌కు బస్సులో ఎంతసేపు పడుతుందో రాయలేదు మీరు. దూరమైనా ఒకసారి వెళ్లి రండి. ఆ ఉత్తరం పోస్టులో కంటే మీ చేత్తో ఇస్తేనే నయం.